మూత తీసిన విత్తనాల బుర్ర

"ఈ బుర్ర ఎవులు ముట్టుకున్నారు?"

కనక గొంతు పెంచలేదు. అటక మీంచి దించిన ఎండు ఆనపకాయ బుర్రను ఒళ్ళో పెట్టుకుని, మట్టినేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. 'పెళ్ళికని గుంట దేశం దాటిపోతాదట' అంటూ వారం రోజులుగా ఇల్లు ఎగిరిపోయేలా అరిచిన మనిషి. ఈవేళ ఇంత నెమ్మదిగా అడిగేసరికి రమణి చేతిలో దువ్వెన ఆగిపోయింది.

బయట అన్న రవిబాబు మోటారుసైకిల్ తుడుస్తున్నాడు. ఏడు కావస్తోంది. పదకొండింటికల్లా సాలూరులో ఉండకపోతే ఫణీంద్ర మాస్టారు ఊరుకోడు. విశాఖలో చదువుకున్న రోజుల స్నేహితురాలు జయశ్రీకి భర్త ఆయన. అందరూ కలిసి వెళ్ళే కారు ఆయనదే. కోణార్క్, పూరీ, డార్జిలింగ్, అక్కణ్ణుంచి సరిహద్దు దాటి నేపాల్లో ఇలాం. ఏ ఊళ్ళో ఎన్ని గంటలు ఆగాలో, ఎక్కడ ఫొటో దిగాలో కూడా కాగితం మీద టైపు కొట్టించి, దానికి ప్లాస్టిక్ తొడుగు వేయించాడు. ఇలాంలో పబిత్ర పెళ్ళి. బెంగుళూరులో కాఫీ రుచి చూసే శిక్షణకి వెళ్ళినప్పుడు ఆరు నెలలు ఒకే గదిలో ఉన్న పబిత్ర. పెళ్ళిపీట పక్కన నువ్వే ఉండాలని ఒట్టు వేయించుకున్న పబిత్ర.

"నిన్నే అడుగుతన్నాను గుంటా."

"ఎలక గాని కొరికిందేమో అమ్మా."

"కొరికిన ఎలక మల్లీ మట్టి తెచ్చి మెత్తిందేటి?"

రమణి దువ్వెన గూట్లో పెట్టింది.

"పుష్యంలో నేను పేడా బూడిదా కలిపి మూసినాను. ఇది మన పెరట్లో ఎర్రమట్టి. నువ్వు పుట్టకముందు నుంచీ మూత్తన్నాను ఈ బుర్ర. నాకు తెలీదనుకున్నావా?"

అందులో ఉన్నది చోడి విత్తనం, కింది ఊళ్ళవాళ్ళు రాగులనేది. నల్లకంకి రకం. కోతల్లో బాగా పండిన కంకులు ఏరి, దులిపి, ఎండబెట్టి మూతి మూసేస్తారు. విత్తనాలకి చేసే ఇటుకల పండగ దాకా ఎవరూ తెరవకూడదు. ఆ రోజు ఊరి పూజారిణి గురుమాయి అందరి ముందూ బుర్రలు తెరిచి, ఇంటింటి విత్తనమూ ఒక్క చేటలో కలిపి, ఎవరి వంతు వాళ్ళకి తిరిగి పంచుతుంది. ఆ తర్వాతే తమ ఊరు పనసగుడలో ఎవరైనా చేలో గింజ చల్లడం. పండగ ఈవేళే.

"రెండు దోసిళ్ళు తీసినానమ్మా," అంది రమణి. "పబిత్రకి."

"పెళ్ళికి చోళ్ళు పెడతారేటి ఎవులైనా? చీర పెట్టు. గిన్నె పెట్టు."

"పోయిన వానలకి వాళ్ళ కొండ జారిపోయింది. చేనూ పోయింది, గాదె పోయింది. వాళ్ళ తాతలనాటి విత్తనం ఒక్క గింజ మిగలలేదు. వాళ్ళూ చోళ్ళే పండిస్తారు. ఫోన్లో మన నల్లకంకి చూపిస్తే వాళ్ళమ్మ ఏడ్చిందట, మావీ ఇలాగే ఉండేవని."

"బజార్లో నేవేటి చోళ్ళు?"

"అవి తినడానికే, చల్లితే మొలుస్తాయన్న నమ్మకం లేదు. నీకు తెలీదా?"

"నన్నొక్క మాట అడగొచ్చు కదే."

"అడిగితే ఇచ్చేదానివా?"

ఇచ్చేది కాదని ఇద్దరికీ తెలుసు. కనక బుర్రను రెండు చేతులతో ఎత్తి, చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. లోపల గింజలు గలగలమన్నాయి.

నిండుగా ఉన్న బుర్ర చప్పుడు చెయ్యదు. గురుమాయి మూత తెరిచే ముందు ప్రతి బుర్రనూ అలాగే ఊపి చూస్తుంది. కిందటేడు అప్పలస్వామి ఇంటి బుర్ర ఇలాగే పలికింది. ఆకలేసి తిన్నామన్నా, ఎలక తిన్నదన్నా గురుమాయి వినలేదు. ఆ ఇంటి విత్తనం ఊరి చేటలో కలపలేదు. ఆ ఏడాదంతా అప్పలస్వామి ఎవరి ముఖమూ చూడలేక పొయ్యి దగ్గరే కూర్చున్నాడు.

ఇది అప్పలస్వామి ఇల్లు కూడా కాదు. ఊరికి పెద్ద అయిన నాయుడు, రమణి తండ్రి సర్వేశ్వరరావు ఇల్లు. అన్నిటికంటే ముందు ఎత్తే బుర్ర ఇదే.

"మంగ్లు ఏడాదై కాసుకుని కూకున్నాడు," అంది కనక. మంగ్లు సర్వేశ్వరరావుకి చిన్నాన్న కొడుకు. నాయుడుతనం తమ వైపు రావాల్సిందని కల్లు తాగినా అంటాడు, తాగకపోయినా అంటాడు. "మీ నాన్న పేరు తుడిసెయ్యడానికి ఆడికి ఈ చప్పుడొక్కటి సాలు. ఏదీ, ఆ గింజలు బేగి ఇలా తే."

"ఇక్కడ లేవమ్మా."

"ఏటి?"

"నిన్న జయశ్రీవాళ్ళు వచ్చినప్పుడు సామాను వాళ్ళ కార్లో పంపేశాను కదా. అందులోనే వెళ్ళిపోయాయి."

"ఎందులో పెట్టినావు?"

"వాళ్ళింటికని కాఫీ పొడీ పనసకాయా ఇచ్చాను చూడు, ఆ గుడ్డసంచిలో. పైన పెట్టాను. నలగకుండా ఉంటాయని."

సాలూరు ఎంత లేదన్నా మూడు గంటల దారి. వెళ్ళి రావాలంటే మధ్యాహ్నం దాటుతుంది. ఈలోగా ఊరి పొలిమేర కట్టేస్తారు. కట్టాక మూడు రోజులు లోపలివాళ్ళు బయటికి పోరు, బయటివాళ్ళు లోపలికి రారు. ఈ లెక్క రమణికి రాత్రే తెలుసు. అందుకే కదా పొలిమేర కట్టకముందే బయటపడాలని తెల్లవారుజామున లేచి కూర్చుంది. మూత తెరిచిన సంగతి తను ఊరు దాటాక, పండగలో ఎవరికో తెలుస్తుందిలే అనుకుంది. అది అందరి ముందూ తండ్రి పరువు మీదికే వస్తుందని ఎందుకు తోచలేదో, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేసింది.

కనక లేచింది. మూలనున్న రేకు డబ్బా తెరిచి, రేషన్లో వచ్చిన చోళ్ళు దోసిట్లోకి తీసింది. బుర్ర మూతి దగ్గర ఎర్రమట్టిని గోటితో గీకింది. ఒక పెళ్ళ ఊడింది.

"అమ్మా, ఏటి సేత్తన్నావు?"

కంగారులో ఎంత చదువుకున్న కూతురైనా ఇంట్లో భాషకి దిగిపోతుంది.

"కళ్ళు కనిపించట్లేదా? నింపుతన్నాను."

"అవి అందరి విత్తనంలో కలిసిపోతాయి. గాసి మావ చేలోకి పోతాయి, అప్పలస్వామి చేలోకి పోతాయి."

"పోనీ."

"మొలవకపోతే?"

"మొలవకపోతే దేవుడు సూసుకుంటాడు. నా ఇల్లు నేను సూసుకుంటాను."

అన్నదే గాని ఆమె దోసిలి బుర్ర మీదికి వంగలేదు. వేళ్ళ సందుల్లోంచి నాలుగైదు గింజలు జారి నేల మీద పడ్డాయి. కనక కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అబద్ధం ఆడటం ఆమెకి కొత్త కాదు. మొగుడితోనూ ఆడుతుంది, సంతలో బేరానికీ ఆడుతుంది. విత్తనంతో ఎప్పుడూ ఆడలేదు.

"ఆ డబ్బా అక్కడ పెట్టేయ్."

గుమ్మంలో సర్వేశ్వరరావు నిలబడి ఉన్నాడు. తలపాగా చుట్టుకుని పండగకి తయారై ఉన్నాడు. ఎంతసేపయిందో వచ్చి, ఎంత విన్నాడో తెలియదు. అతని ముఖం చూస్తే అంతా విన్నట్టే ఉంది.

కనక గింజల్ని డబ్బాలో పోసేసింది. అతను లోపలికి వచ్చి, బుర్ర తీసుకుని చంకలో పెట్టుకున్నాడు. ఊపి చూడలేదు. రమణి వైపు చూడలేదు.

"నాన్నా..."

"ఏడున్నరకి పొలిమేర కడతారు," అన్నాడు గోడతో చెబుతున్నట్టు. "ఎల్లాలనుకున్నోళ్ళు ఆ లోపలే ఎల్లాల."

అంతే. వెళ్ళిపోయాడు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. తిడితే ఏడవొచ్చు, ఎదురు చెప్పొచ్చు, అలిగి కూర్చోవచ్చు. ఏమీ అనకుండా పోయిన మనిషితో ఏం చేస్తాం?

"ఎల్లు," అంది కనక కళ్ళు తుడుచుకుంటూ. "ఎల్లకపోతే మాత్రం పోయిన గింజలు తిరిగొత్తాయేటి? పైగా ఆ పిల్లకి మాటిచ్చినావు." వారం రోజులు వెళ్ళొద్దని పోరిన నోటితోనే ఆ మాట అని, నీళ్ళ సీసా కూతురి చేతిలో పెట్టింది.

*

ఊరి చివర చింతచెట్ల దగ్గర దారికి అడ్డంగా వెదురు కర్ర పట్టుకుని ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. పండగ పొద్దున పొలిమేర కట్టేదాకా వచ్చే పోయే బండ్లని ఆపి, పాట పాడి, ఏదో ఒకటి పుచ్చుకోనిదో, ఇస్తామని మాట తీసుకోనిదో వదలరు. ఒక కొన సౌందర్య పట్టుకుంది. రమణితో కలిసి బడికి వెళ్ళిన పిల్ల.

"పెళ్ళికెలిపోతన్నావా? మాకేటి తెత్తావు మరి?" అంది నవ్వుతూ.

"టీ పొడి తెత్తాను," అంది రమణి. నవ్వు రాలేదు.

కర్రకి అవతల గురుమాయి మామిడాకుల తాడు సిద్ధం చేసుకుంటోంది. డెబ్భై దాటిన మనిషి. చెవులకి బరువైన కమ్మలు, చూపు మాత్రం కుర్రది. డప్పుల వాళ్ళు నిప్పు సెగకి డప్పులు కాచుకుంటున్నారు. రాతి మీద వరసగా బుర్రలు. వాటి ముందు సర్వేశ్వరరావు. ఆయన బుర్ర ఇంకా చంకలోనే ఉంది. పక్కన మంగ్లు.

"ఎల్లమ్మా, ఎల్లు," అన్నాడు మంగ్లు. "నాయుడింటి పిల్ల విదేశం ఎల్తంటే మాకూ గొప్పే. అన్నా, బుర్ర అలా మోత్తావేటి? కింద పెట్టు."

సర్వేశ్వరరావు పెట్టలేదు.

సౌందర్య కర్ర ఎత్తింది. రవిబాబు గేరు వేశాడు. బండి కర్ర కిందనుంచి సగం దాటింది.

ఆ సగంలో రమణి తండ్రి చేతుల్ని చూసింది. బుర్ర కదలకుండా, లోపల గింజ చప్పుడు కాకుండా, పక్కటెముకలకి అదిమి పట్టుకున్న చేతులు. అలా ఎంతసేపు పట్టుకుంటాడు? గురుమాయి చెయ్యి చాపేదాకా. అంతే కదా.

"ఆపు అన్నియ్యా."

"ఏటైంది?"

"ఆపు."

దిగింది. నేరుగా గురుమాయి ముందుకు వెళ్ళి నిలబడింది.

"అవ్వా, మా బుర్ర మూత నేను తీసినాను. రెండు దోసిళ్ళు తీసినాను. మా అమ్మకి తెలీదు. మా నాన్నకీ తెలీదు."

డప్పుల వాళ్ళు చేతులు ఆపేశారు. మంగ్లు నోరు తెరిచి, ఏం అనాలో ఇంకా కుదరక అలాగే ఉంచాడు. సర్వేశ్వరరావు కళ్ళు మూసుకున్నాడు.

గురుమాయి చెయ్యి చాపింది. ఆయన బుర్ర ఇచ్చాడు. ఆమె ఊపింది. అందరికీ వినపడింది.

"అమ్మినావా?" అంది గురుమాయి.

"నేదు."

"తిన్నావా?"

"నేదు. నా స్నేహితురాలికి. కొండ జారి వాళ్ళ విత్తనమంతా పోయింది. పెళ్ళి చేసుకుని అదే ఊళ్ళో ఉంటాది. చల్లుకుంటారని."

"ఆళ్ళూ కొండోళ్ళేనా?"

"కొండోళ్ళే అవ్వా. చోళ్ళని కోదో అంటారు."

"కోదో," అని ముసలమ్మ ఆ మాటని నోట్లో వేసుకుని చూసింది. "వానకి పోనాదా, గాలికి పోనాదా?"

"వానకి."

"ఊఁ."

బుర్రని మిగతా వాటికి దూరంగా, తన కాళ్ళ దగ్గర పెట్టుకుంది. మంగ్లుకి అప్పటికి మాట దొరికింది. "అప్పలస్వామికొక నాయం, నాయుడికొక నాయం ఉండదు కదా. అది సూడు గురుమాయీ."

"నా నాయం నాకు తెల్సు, నువ్వు నేర్పొద్దు," అంది గురుమాయి అతని వైపు తిరక్కుండానే. తర్వాత రమణితో, "ఇను. అప్పలస్వామి గింజ కడుపులో పడిపోనాది. నీ గింజ ఇంకా పడనేదు. పోయిన గింజ మట్టిలో పడితే పోయినట్టు కాదు. ఆ ఇంటి సేలో నీ సేత్తోనే సల్లాల. ఆ ఇంటి గింజ, ఏదైనా సరే, దోసెడు తొలకరి లోపల నాకు తెచ్చి ఇయ్యాల. అప్పుడు ఈ బుర్ర ఊరి సేటలో కలుపుతాను. అందాకా ఇది నా కాడే ఉంటాది. మీ నాన్న సేను దున్నుకోవచ్చు, సల్లడానికి నేదు."

"తేకపోతే?" అన్నాడు మంగ్లు.

"తేకపోతే వచ్చే ఏడు ముందు ఎత్తే బుర్ర ఆళ్ళది కాదు." ఆమె మామిడాకుల తాడు చేతిలోకి తీసుకుంది. "మట్టిలోనే పడాల గుంటా. నోట్లో పడినాదా, నా కాడికి రాకు."

రమణికి ఆమె కాళ్ళ మీద పడాలనిపించింది. పడితే తిడుతుందని ఊరుకుంది. తండ్రి వైపు చూసింది. సర్వేశ్వరరావు దగ్గరికొచ్చి, ఆమె భుజం మీంచి జారిన చున్నీ సరిచేశాడు. చిన్నప్పుడు బడికి పంపేటప్పుడు సంచీ పట్టీ అలాగే సరిచేసేవాడు.

"ఘాటీలో నెమ్మదిగా ఎల్లమను మీ అన్నని," అన్నాడు.

రమణి బండెక్కి, అన్న వీపు వెనక ముఖం దాచుకుని, కాసేపు హాయిగా ఏడ్చింది.

*

వెనక డప్పులు మొదలయ్యాయి. మలుపులో రమణి తిరిగి చూసింది. కర్రకి మామిడాకులు కట్టేశారు. ఇక మూడు రోజులు ఆ దారి లేదు.

"ఇంత జరిగినాక నీతోపాటు ఇలాం చూడకపోతే నాకు నిద్రపట్టదు," అన్నాడు రవిబాబు. ఘాట్ రోడ్లలో కారు నడపడానికి ఫణీంద్ర అతన్నీ రమ్మన్నాడు. "దున్నటానికి ఎద్దు దొరుకుతాదేటి అక్కడ?"

"నువ్వే ఎద్దు."

ఇద్దరూ నవ్వారు. నవ్వగలిగినందుకు రమణికే ఆశ్చర్యమేసింది. మాస్టారి కాగితంలో ఇంకో వరస చేర్పించాలి అనుకుంది. ఇలాం, రెండో రోజు, ఉదయం ఆరు గంటలకి, చోళ్ళు చల్లుట. ఫొటో కూడా తీస్తాడాయన.

సుంకి వైపు దారి ఎక్కుతుండగా ఫోన్ మోగింది. జయశ్రీ.

"బయల్దేరారా? మీ మాస్టారు అప్పుడే కారు చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసేశారు."

"వస్తున్నాం జయా. నీకు బోలెడు చెప్పాలి."

"వచ్చాక చెబుదువులే. ఇదిగో, టిఫిన్ తినకుండా రండి. మా అత్తయ్య మీకోసం తెగ హడావిడి పడుతోంది. దారిలోకి చోడి అట్లు." అత్తగారు యర్రమ్మని తలుచుకుంటే జయశ్రీకి ఎప్పుడూ నవ్వే. "మీ ఊరి చోళ్ళు ఎంత నల్లగా, నిగనిగలాడుతూ ఉన్నాయో అని రాత్రంతా ఒకటే పొగడ్త."

రమణికి ఆ మాట అర్థం కావడానికి ఒక మలుపు పట్టింది.

"ఏ చోళ్ళు?"

"నువ్వు పంపినవే. కాఫీ పొడి సంచిలో, పైన గుడ్డమూట. మాకే పంపావనుకుని రాత్రే నానబోసేసింది."

"అన్నీనా?"

"అన్నీనే. ఏం, ఎందుకలా అడుగుతున్నావు?"

ఫోన్లో వెనక ఏదో గిర్రున తిరుగుతున్న చప్పుడు. రమణి ఫోన్‌ని చెవికి నొక్కుకుంది.

"జయా, అదేంటి ఆ చప్పుడు?"

"గ్రైండర్. మినప్పప్పు రుబ్బేసింది, ఇప్పుడు చోళ్ళు..."

"ఆపమను. జయా, వెయ్యొద్దని చెప్పు, నేను వచ్చేదాకా..."

అవతల చప్పుడు లేదు. గ్రైండర్ ఆగిందా, జయశ్రీ పరిగెత్తిందా అని ఒక్క క్షణం ఆశపడింది. ఫోన్ చూసింది. సిగ్నల్ గీతలు ఒక్కటి కూడా లేవు. ఘాటీ మొదలైంది. ఇక కిందికి దిగేదాకా ఇంతే.

"ఎవులు?" అన్నాడు రవిబాబు. "జయశ్రీయా? ఏటంటాది?"

నానిన గింజ చచ్చిపోదు. తడిగుడ్డలో కడితే రెండు రోజుల్లో మొలకేస్తుంది, మొలకని కూడా మట్టిలో పెట్టొచ్చు. కానీ అందుకు అది ముందు గింజగా మిగలాలి. ముందున్న దారి చూసింది. సాలూరు ఇంకా రెండు గంటల పైమాటే.

"బేగి పోనీ అన్నియ్యా," అంది రమణి.

"నాన్న నెమ్మదిగా ఎల్లమన్నాడు కదే."

"బేగి పోనీ."

ఫోన్ చేతిలోనే పట్టుకుని సిగ్నల్ గీతల కోసం చూస్తూ కూర్చుంది.